ఇన్సులిన్ వాడే గర్భిణుల్లో లో షుగర్: అపోహలు - వాస్తవాలు

గర్భిణికి ఇన్సులిన్ రాయగానే ఇంటిల్లిపాదికీ రెండు భయాలు పట్టుకుంటాయి. సూది భయం కొద్ది రోజుల్లో పోతుంది. లో షుగర్ భయం మాత్రం కాన్పు దాకా వదలదు. అసలు లో కంటే, దానికి భయపడి చేసే పనులే ఎక్కువ చిక్కులు తెస్తాయి. కిందనున్న షుగర్ అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల లెక్కలో.

అపోహ: షుగర్ ఒక్కసారి పడిపోయినా కడుపులో బిడ్డకు దెబ్బే.

వాస్తవం: తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి తీసుకునే ఇన్సులిన్ చెప్పుకోదగ్గంతగా దాటదు. కాసేపు అరవైల్లోకి జారి, వెంటనే సరిచేసుకున్న లో వల్ల బిడ్డకు హాని జరుగుతుందనడానికి ఆధారాల్లేవు. ప్రమాదమంతా ముందు తల్లికే: మెట్ల మీద కళ్లు తిరిగి పడటం, బండి నడుపుతుండగా తడబడటం, నిద్రలోనే స్పృహ తప్పడం, ఫిట్స్. 70 కంటే తగ్గితే లో. 54 కంటే తగ్గితే అది తీవ్రమైన లో, ఆ సంగతి డాక్టరుకు చెప్పాల్సిందే. తనంతట తాను సరిచేసుకోలేక ఇంకొకరి సాయం కావాల్సి వచ్చిందంటే, అంకె ఎంతున్నా అత్యవసరమే.

సెన్సర్ (చర్మానికి అంటించుకుంటే రోజంతా షుగర్ చూపించే పరికరం) వాడేవారికి ఒక మాట. గర్భంతో ఉన్నప్పుడు సెన్సర్ లక్ష్యం 63 నుంచి 140. కాబట్టి 66 కూడా లక్ష్యంలోనే ఉన్నట్టు కనిపించవచ్చు. షుగర్ ఎటు పోతోందో చెప్పే బాణం గుర్తు కిందికి చూపిస్తుంటే, అంకె లక్ష్యంలోనే ఉందని ఊరుకోవద్దు.

అపోహ: లో వస్తే కడుపునిండా తినాలి, తీపి ఏదైనా ఒకటే.

వాస్తవం: కావాల్సింది త్వరగా రక్తంలో కలిసే 15 గ్రాముల పిండిపదార్థం. నాలుగేసి గ్రాముల గ్లూకోజ్ బిళ్లలైతే నాలుగు. పంచదారైతే సుమారు మూడు టీస్పూన్లు, నీళ్లలో కలుపుకుని. పళ్లరసమైతే 120 నుంచి 150 మిల్లీలీటర్లు. తేనె అయితే ఒక టేబుల్‌స్పూను. చెంచాలన్నీ ఒక్క కొలతలో ఉండవు కాబట్టి, వంటింట్లో తూకం ఉంటే పంచదార ఒకసారి 15 గ్రాములు తూచి చూడండి. అంతే కొలతతో చిన్న పొట్లాలు కట్టి మంచం పక్కన ఒకటి, చేతిసంచిలో ఒకటి, బండిలో ఒకటి పెట్టుకోండి. చేతులు వణుకుతున్నప్పుడు ఎవరూ కొలవలేరు.

చాక్లెట్, ఐస్‌క్రీమ్ లాంటి వాటిలో కొవ్వు ఉంటుంది. కొవ్వు వల్ల పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది, గ్లూకోజ్ రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. డైట్ కూల్‌డ్రింకులో అసలు చక్కెరే ఉండదు.

తీసుకున్నాక 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఈ 15 నిమిషాల్లోనే. షుగర్ పెరుగుతున్నా, లో వల్ల విడుదలైన అడ్రినలిన్ ఇంకా ఒంట్లోనే ఉంటుంది కాబట్టి దడ, వణుకు, ఆకలి వెంటనే తగ్గవు. దాంతో ఇంకో గ్లాసు, ఇంకో ప్లేటు అంటూ లాగించేస్తారు. రెండు గంటల తర్వాత షుగర్ రెండు వందలు దాటుతుంది. దాన్ని దించాలని అదనపు డోసు వేస్తే మళ్లీ లో. ఈ ఉయ్యాల ఆపాలంటే ఒంటి వణుకును కాదు, స్ట్రిప్‌ను నమ్మాలి. ఈ పరీక్ష వేలి రక్తంతోనే చేయాలి. సెన్సర్ చూసేది చర్మం కింది ద్రవంలోని గ్లూకోజ్‌ను. అది రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది.

ఇంకా 70 లోపే ఉంటే మరో 15 గ్రాములు. 70 దాటాక, తర్వాతి భోజనానికి గంటకు పైగా ఉంటే ఒక గ్లాసు పాల లాంటి చిరుతిండి. లో నుంచి తేరుకున్నాక కూడా కనీసం 45 నిమిషాలు బండి నడపొద్దు. షుగర్ ఎక్కినంత త్వరగా మెదడు కుదురుకోదు.

అపోహ: లో వస్తే ఒంటికే తెలుస్తుంది, స్ట్రిప్ దండగ.

వాస్తవం: నీరసం, వికారం, ఆకలి మొదటి నెలల్లో లో లేకపోయినా ఉంటాయి. తరచూ లో వచ్చేవారికి హెచ్చరిక లక్షణాలు మొద్దుబారతాయి. రక్తపోటుకు లాబెటలాల్ వాడుతుంటే దడ, వణుకు తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. దీనికి తిరగబడిన సంగతీ ఉంది. చాలాకాలం ఎక్కువ షుగర్‌తో ఉన్నవారికి 90కి దిగినా లోలాగే అనిపిస్తుంది, అప్పుడు పంచదార అక్కర్లేదు. ఏదో తేల్చేది మీటరే. మీటర్ అందుబాటులో లేకపోతే మాత్రం లో అనుకునే వైద్యం మొదలుపెట్టండి.

గుచ్చే ముందు చేతులు కడిగి ఆరబెట్టుకోవాలి. పండు ఒలిచిన వేలికి అంటిన చక్కెర చాలు, అరవైల్లో ఉన్న షుగర్‌ను వంద పైన చూపించడానికి.

అపోహ: డోసు ఒకసారి కుదిరితే కాన్పు దాకా అదే.

వాస్తవం: టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారుకాని మధుమేహం) ఉన్నవారికి సుమారు 9 నుంచి 16 వారాల మధ్య ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది, వేవిళ్లూ తోడవుతాయి. తీవ్రమైన లో ముప్పు ఎక్కువగా ఉండేది అప్పుడే. ఆ తర్వాత మాయ హార్మోన్ల వల్ల అవసరం పెరుగుతూ పోయి, రెట్టింపు కూడా కావచ్చు. నెలలు నిండేటప్పుడు కాస్త తగ్గడం మామూలే. కానీ కారణం లేకుండా అవసరం ఒక్కసారిగా బాగా పడిపోయి లోలు వరసగా వస్తుంటే, మాయ పనితీరు చూడాల్సి ఉంటుంది. పంచదార తిని సర్దుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి ఫోన్ చేయండి. బిడ్డ కదలికలు తగ్గితే నేరుగా వెళ్లిపోండి.

నెలలు నిండకముందే కాన్పు అయ్యేలా ఉంటే, బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. కొన్ని రోజులు షుగర్ బాగా పెరుగుతుంది, డోసూ పెంచుతారు. ఆ ప్రభావం తగ్గాక డోసు దించడం మరిస్తే లో తప్పదు.

అపోహ: వాంతులవుతుంటే, ఏమీ తినకపోతే ఇన్సులిన్ మొత్తం ఆపేయాలి.

వాస్తవం: టైప్ 1లో బేసల్ ఇన్సులిన్ (తిండితో సంబంధం లేకుండా నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసేది) ఎప్పుడూ ఆపకూడదు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ మరీ ఎక్కువ లేకున్నా కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) చేరి ప్రాణం మీదికి వస్తుంది. తిన్నది నిలుస్తుందో లేదో తెలియనప్పుడు, త్వరగా పనిచేసే ఇన్సులిన్‌ను భోజనం ముందు కాకుండా తిన్న వెంటనే, తిన్నదాన్ని బట్టి వేసుకునే పద్ధతి ఉంది. దాన్ని ముందే డాక్టరుతో మాట్లాడి రాయించి పెట్టుకోండి. నీళ్లు కూడా నిలవకపోతే ఇంట్లో ఉండొద్దు.

అపోహ: డోసు మార్చలేదు కదా, లో రావడానికి కారణమే లేదు.

వాస్తవం: కారణం తరచూ సూది దగ్గరే దొరుకుతుంది. యూ-100 ఇన్సులిన్‌లో మిల్లీలీటరుకు 100 యూనిట్లు, యూ-40లో 40. యూ-100 మందును యూ-40 సిరంజితో 10 గీతల దాకా లాగితే వచ్చేది పావు మిల్లీలీటరు, అంటే 25 యూనిట్లు. రెండున్నర రెట్లు! సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని కొన్న ప్రతిసారీ చూడండి.

రెండోది గడ్డలు. ఒకేచోట పొడిస్తే చర్మం కింద కొవ్వు ముద్దకడుతుంది, అక్కడ వేసిన మందు సరిగా ఎక్కదు. పనిచేయట్లేదని డోసు పెంచుతారు. ఓ రోజు పక్కన మంచి చోట వేసేసరికి మొత్తం ఎక్కి షుగర్ పడిపోతుంది. పొడిచిన ప్రతి చోటుకూ మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఎడం ఉంచండి. గడ్డ వదిలి కొత్త చోటుకు మారే ముందు డోసు గురించి అడగండి. అన్నట్టు, పొట్టకు వేసుకుంటే బిడ్డకు గుచ్చుకుంటుందన్న భయం అక్కర్లేదు. 4 మిల్లీమీటర్ల సూది చర్మం కింది కొవ్వు దగ్గరే ఆగిపోతుంది.

మూడోది మసకగా ఉండే ఎన్‌పీహెచ్ అనే ఇన్సులిన్ రకం. సరిగా కలపకపోతే ఒకరోజు పలచన, మరో రోజు చిక్కన. ఊపి నురగ తెప్పించకుండా, అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేయండి. రాత్రి వేసిన ఎన్‌పీహెచ్ తెల్లవారుజామున బలంగా పనిచేస్తుంది. పీడకలలు, తడిసిన దిండు, పొద్దున్నే తలనొప్పి ఉంటే ఒకట్రెండు రోజులు రాత్రి 3 గంటలకు షుగర్ చూడండి.

అపోహ: గర్భిణికి గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇవ్వకూడదు.

వాస్తవం: ఇవ్వవచ్చు. కాలేయంలోని నిల్వల నుంచి గ్లూకోజ్‌ను రక్తంలోకి వదిలించి షుగర్ పెంచే మందు ఇది. పెద్దలకు డోసు 1 మిల్లీగ్రాము. అది వేయడం ఇంట్లో వారికి రావాలి, ఎందుకంటే అవసరపడేది ఆమె స్పృహలో లేనప్పుడు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఇంజెక్షన్ ఇచ్చి, అంబులెన్స్‌ను పిలవాలి. నోట్లో నీళ్లు, తేనె ఏవీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రోజుల తరబడి వాంతులతో తిండి లేనివారిలో కాలేయంలో నిల్వలు తగ్గి ఇది సరిగా పనిచేయకపోవచ్చు. మెలకువ వచ్చి మింగగలిగాకే ఏదైనా తినిపించాలి.

అపోహ: తల్లి ఇన్సులిన్ వల్లే పుట్టిన బిడ్డకు లో షుగర్ వస్తుంది.

వాస్తవం: అది బిడ్డ సొంత ఇన్సులిన్ పని. తల్లి షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడు దానికి తగ్గట్టు తయారు చేసుకున్నది, బొడ్డుతాడు కోశాక కూడా కొన్ని గంటలు అలాగే వస్తుంటుంది. అందుకే పుట్టిన అరగంట, గంటలోపే పాలు పట్టించి, తర్వాతి పాలకు ముందు మడమ దగ్గర గుచ్చి షుగర్ చూస్తారు. మాయ బయటికి రాగానే తల్లి అవసరమూ అమాంతం పడిపోతుంది. గర్భంలో వచ్చిన షుగరైతే ఇన్సులిన్ సాధారణంగా ఆపేస్తారు. టైప్ 1లో గర్భానికి ముందున్న డోసు కంటే కూడా తగ్గించి మొదలుపెడతారు. ఇన్సులిన్ కొనసాగేవారు రాత్రి పాలివ్వడానికి లేచినప్పుడు పక్కనే ఏదైనా చిరుతిండి పెట్టుకోవాలి, ఒక పంచదార పొట్లం కూడా.