ఏ దారిన వచ్చారు? అమెరికాలో ఫిలిపినోలు, హ్మాంగ్‌లు

అమెరికాలో ఆసియా వాళ్లు బాగా సంపాదిస్తారని మన ఇళ్లల్లో అందరూ అనే మాటే. ఆ మాటకు లెక్కలూ ఉన్నాయి. 2019లో అక్కడి ఆసియా కుటుంబాల మధ్యగత ఆదాయం ఏడాదికి సుమారు 85,800 డాలర్లు. ఇళ్లన్నిటినీ ఆదాయం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యన ఉండే ఇంటికి అంత వస్తోందన్నమాట. భారతీయ కుటుంబాలను విడిగా చూస్తే అది 1,19,000 దాకా ఉంది. మన తెలుగు డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఆ లెక్కలో ఉన్నారు.

అయితే జనాభా లెక్కల్లో ‘ఆసియన్’ అనే ఆ ఒక్క పేరు కిందే లావోస్ కొండల్లో పోడు వ్యవసాయం చేసుకుని బతికి, యుద్ధంలో ఊళ్లు పోగొట్టుకుని, బడి ముఖం చూడకుండానే మిన్నెసోటా మంచులో దిగిన హ్మాంగ్‌లు కూడా ఉన్నారు. ఫిలిపినోలూ ఉన్నారు. రెండూ ఆగ్నేయాసియా నుంచి వచ్చిన సమాజాలే. 1990 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలోని ఫిలిపినోల్లో పేదరికం 6 శాతం చుట్టూ ఉంటే, హ్మాంగ్‌లలో 60 శాతం దాటింది. పక్కపక్క ప్రాంతాల నుంచి ఒకే దేశానికి వచ్చిన వాళ్ల మధ్య పది రెట్ల తేడా.

ఈ తేడా చూసి ఫిలిపినోలు కష్టపడే జాతి అని, హ్మాంగ్‌లు వెనకబడ్డ జాతి అని అనేసేవాళ్లు అమెరికాలోనూ ఉన్నారు, మన దగ్గరా ఉన్నారు. నాకు ఆ మాట అన్యాయంగా తోస్తుంది. ఎవరు ఏ దారిన వచ్చారో తెలిస్తే ఆ మాట అనబుద్ధి కాదు.

ఫిలిపినోల కథ 1898లో మొదలవుతుంది. స్పెయిన్ ఓడిపోయి, 2 కోట్ల డాలర్లు తీసుకుని ఫిలిప్పీన్స్‌ను అమెరికాకు అప్పగించింది. స్వాతంత్ర్యం కోరిన ఫిలిపినోలను అమెరికా సైన్యం నెత్తుటి యుద్ధంతో అణిచింది. ఆ వెంటనే, 1901లో, థామస్ అనే ఓడలో సుమారు 500 మంది అమెరికన్ టీచర్లు మనీలాలో దిగారు. ఊరూరా ఇంగ్లీషు బడులు వెలిశాయి. అమెరికన్ పద్ధతిలో నర్సింగ్ నేర్పే స్కూళ్లు 1906 నుంచే మొదలయ్యాయి. వలస పాలన కోసం కట్టిన ఆ బడులే అరవై ఏళ్ల తర్వాత మధ్యతరగతికి అమెరికా మెట్లయ్యాయి.

కానీ మొదట వెళ్లినవాళ్లు నర్సులు కాదు, చెరకు కూలీలు. 1906 డిసెంబరులో 15 మంది హవాయి తోటలకు చేరారు. తర్వాత ఏళ్లలో ఇలోకోస్, విసయాస్ ప్రాంతాల నుంచి వేలకు వేలమంది వెళ్లారు. మన వాళ్లు ఫిజీ, మారిషస్ చెరకు తోటలకు వెళ్లిన కథలు తెలిసినవారికి ఇదేమీ కొత్తగా అనిపించదు. కాలిఫోర్నియాలో ఈ ఫిలిపినో కూలీలు ద్రాక్ష, ఆస్పరాగస్, లెట్యూస్ పొలాల్లో పనిచేశారు. వాళ్లు అమెరికా పాలనలో ఉన్న ‘జాతీయులు’, కానీ పౌరులు కారు. తెల్ల ఆడవాళ్లను పెళ్లి చేసుకోకుండా చట్టాలు అడ్డొచ్చాయి. 1930 జనవరిలో వాట్సన్‌విల్ పట్టణంలో గుంపులు వాళ్ల మీద పడి కొట్టాయి, ఒక యువకుడు తుపాకీ గుండుకు చనిపోయాడు. 1934 చట్టం ఫిలిప్పీన్స్‌కు స్వాతంత్ర్యం ఇస్తామంటూనే ఏడాదికి 50 మందినే రానిస్తామంది. 1946లో వచ్చిన లూస్–సెల్లర్ చట్టం ఆ సంఖ్యను 100 చేసి, పౌరసత్వం పొందే హక్కు ఇచ్చింది. అదే చట్టం, అదే రోజు, అదే 100 సంఖ్యతో భారతీయులకూ పౌరసత్వపు దారి తెరిచింది. ఆ విషయం మన వాళ్లలో చాలామందికి తెలియదు.

పెళ్లి లేక, పిల్లలు లేక, పొలం నుంచి పొలానికి తిరుగుతూ ముసలివాళ్లయిన ఆ కూలీలను ఫిలిపినోలు ‘మనాంగ్’ అంటారు. అంటే అన్నయ్య. 1965 సెప్టెంబరు 8న కాలిఫోర్నియాలోని డెలానోలో ద్రాక్ష తోటల సమ్మె మొదలుపెట్టింది వాళ్లే. లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో గంటకు 1.40 డాలర్ల కూలీ అడిగారు. మెక్సికన్ అమెరికన్ కూలీల నాయకుడు సీజర్ చావెజ్ సంఘం వాళ్లతో కలిసింది ఆ తర్వాతే.

ఆ సమ్మె మొదలైన 25 రోజులకు, అక్టోబరు 3న, అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. ముసలి మనాంగ్‌లు ఎండలో సమ్మె చేస్తుండగానే, వాళ్లకు ఏ సంబంధమూ లేని మరో ఫిలిపినో తరానికి తలుపు తెరుచుకుంది. చదువు, వృత్తి నైపుణ్యం ఉన్నవాళ్లకు, పౌరుల బంధువులకు వీసాలు ఇస్తామంది ఆ చట్టం. అంతకుముందే, 1948లో మొదలైన ఎక్స్ఛేంజ్ విజిటర్ పథకం కింద 1956–69 మధ్య 11 వేలమందికి పైగా ఫిలిపినో నర్సులు అమెరికా ఆసుపత్రుల్లో పనిచేసి ఉన్నారు. దారి వాళ్లకు తెలుసు. 1966 నుంచి 1985 దాకా కనీసం 25 వేలమంది నర్సులు వలస వెళ్లారు. అదే చట్టం పట్టుకుని గుంటూరు, ఉస్మానియా, ఆంధ్రా మెడికల్ కాలేజీల్లో చదివిన మన డాక్టర్లూ వెళ్లారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటి. 1965 తర్వాత వచ్చిన ఫిలిపినో కుటుంబం మొదటి రోజు నుంచే జీతం రాళ్లు చూసింది. ఇంగ్లీషు వచ్చు, డిగ్రీ చేతిలో ఉంది, చేర్చుకోవడానికి ఆసుపత్రి ఎదురు చూస్తోంది. అమెరికా నేవీలో చేరినవాళ్లకు శాన్ డియాగో చుట్టుపక్కల మరో దారి దొరికింది. తర్వాత అమ్మానాన్నలు, అన్నదమ్ములు వచ్చారు. ఒక ఇంట్లో ముగ్గురు నలుగురు సంపాదించేవాళ్లున్నారు. 2000 నాటికి 25 ఏళ్లు దాటిన ఫిలిపినోల్లో దాదాపు 44 శాతం మందికి డిగ్రీ ఉంది. వాళ్ల లెక్కల్లో మనాంగ్‌లు కనిపించకుండా పోయారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటర్నేషనల్ హోటల్ అనే పాత భవనంలో అద్దె గదుల్లో ఉంటున్న ఆ ముసలివాళ్లను 1977 ఆగస్టులో పోలీసులు అర్ధరాత్రి దాటాక బయటికి వెళ్లగొట్టారు. ‘బాగుపడ్డ ఫిలిపినో’ సగటు లోపలే అలాంటి బతుకులు ఉన్నాయి.

హ్మాంగ్‌ల దారి దీనికి పూర్తిగా వేరు. దక్షిణ చైనా నుంచి పంతొమ్మిదో శతాబ్దంలో లావోస్ కొండల మీదికి వచ్చి స్థిరపడిన జాతి అది. పోడు కొట్టి వరి, మొక్కజొన్న వేసేవాళ్లు, అమ్ముకోవడానికి నల్లమందు పండించేవాళ్లు. వాళ్ల భాషను ఇప్పుడు ఎక్కువగా రాస్తున్న రోమన్ లిపి మిషనరీల చేతిలో తయారయింది కూడా 1950లలోనే. మన ఏజెన్సీ ప్రాంతాల్లో పోడు, బడి లేని గూడేలు చూసినవాళ్లకు ఆ బతుకు ఊహించడం కష్టం కాదు.

వియత్నాం యుద్ధ కాలంలో, 1961లో, అమెరికా గూఢచార సంస్థ సీఐఏ ఈ హ్మాంగ్‌ల దగ్గరికి వచ్చింది. లావోస్ తటస్థ దేశంగా ఉండాలని 1962లో జెనీవాలో ఒప్పందం కుదిరింది కాబట్టి అమెరికా అక్కడ బహిరంగంగా యుద్ధం చేయడానికి లేదు. అందుకని వాంగ్ పావో అనే హ్మాంగ్ సైనికాధికారి కింద రహస్య సైన్యాన్ని పెంచింది. ఉత్తర వియత్నాం లావోస్ మీదుగా దక్షిణానికి సైన్యాన్ని, సామగ్రిని చేరవేసే హో చి మిన్ దారి మీద నిఘా, కూలిన విమానాల్లోని అమెరికన్ పైలట్లను కాపాడటం, ఉత్తర వియత్నాం సేనలను ఆపడం వాళ్ల పని. పెద్దవాళ్లు చచ్చిపోయాక పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలూ తుపాకులు పట్టారు. పైనుంచి అమెరికా విమానాలు 1964–73 మధ్య లావోస్ మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేశాయి. పొలాలు వదిలేసిన ఊళ్లు విమానం నుంచి పడే బియ్యం బస్తాల మీద బతికాయి. స్వతంత్రంగా తిండి పండించుకోవడం హ్మాంగ్‌లు మర్చిపోయింది అమెరికాలో కాదు, ఆ యుద్ధంలోనే.

1975 మే నెలలో ఆ రహస్య సైన్యపు లాంగ్ తియెంగ్ స్థావరం నుంచి వాంగ్ పావోను, అధికారుల కుటుంబాలను విమానాల్లో తీసుకుపోయారు. సుమారు 2,500 మందికి చోటు దొరికింది. రన్‌వే మీద వేలమంది మిగిలిపోయారు. వాళ్లు అడవుల్లో నడిచి, వెదురు బొంగులు కట్టుకుని మెకాంగ్ నది దాటి థాయ్‌లాండ్ చేరారు. చాలామంది నదిలోనే పోయారు. అక్కడి బాన్ వినాయ్ శరణార్థి శిబిరంలో కొందరు పదేళ్లకు పైగా ఉన్నారు. శిబిరంలో పుట్టిన పిల్లలు అక్కడే పెద్దవాళ్లయ్యారు.

అమెరికా వాళ్లను తీసుకున్న తీరులోనూ పొరపాటు ఉంది. ఒకే చోట భారం పడకూడదని కుటుంబాలను రాష్ట్రాల మీద చెదరగొట్టింది. కులగోత్రాల్లాంటి వంశాల బలం మీద బతికే జనానికి అది చేతులు నరికినట్టయింది. ఒకరినొకరు వెతుక్కుంటూ కాలిఫోర్నియాలో ఫ్రెస్నో, మెర్సెడ్‌లకు, మిన్నెసోటాలో సెయింట్ పాల్‌కు, విస్కాన్సిన్ పట్టణాలకు మళ్లీ తరలిపోయారు. 1980 శరణార్థుల చట్టం 36 నెలల నగదు సాయం అంది. 1982లో దాన్ని 18 నెలలకు, 1991లో 8 నెలలకు కుదించారు. అక్షరం రానివాడు 8 నెలల్లో భాష నేర్చుకుని ఉద్యోగం వెతుక్కోవాలి!

ఆపైన ‘100 గంటల నిబంధన’ ఒకటుండేది. తల్లిదండ్రులిద్దరూ ఉన్న కుటుంబానికి ప్రభుత్వ సాయం అందాలంటే, ఇంటి ప్రధాన సంపాదనపరుడు నెలకు 100 గంటలు మించి పని చేయకూడదు. చేస్తే నగదు మొత్తం ఆగిపోతుంది, దాంతో వైద్య సాయం కూడా పోయే భయం. ఆరుగురు పిల్లలున్న తండ్రి కనీస వేతనంతో నెలంతా పనిచేసినా ఆ సాయానికి సరిపడేంత రాదు. పనికి వెళ్తే ఇల్లు గడవదు, వెళ్లకపోతే సోమరి అంటారు. హ్మాంగ్‌లు ‘సాయానికి అలవాటు పడ్డారు’ అని అప్పట్లో రాసినవాళ్లు ఈ నిబంధన గురించి కూడా రాసి ఉండాల్సింది.

2000 జనాభా లెక్కలు చూస్తే 25 ఏళ్లు దాటిన హ్మాంగ్‌లలో 45 శాతం మంది అసలు బడికే వెళ్లలేదు. కుటుంబంలో సగటున ఆరుగురికి పైగా ఉన్నారు. సమాజంలో దాదాపు సగం మంది 16 ఏళ్ల లోపు పిల్లలే. సంపాదించేవాళ్లు తక్కువ, తినేవాళ్లు ఎక్కువ. అయినా పేదరికం 38 శాతానికి తగ్గింది. 2019 నాటికి 17 శాతం దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్లలో 60 దాటిన సంఖ్య అక్కడికి దిగడం మామూలు విషయం కాదు. దాన్ని వెనకబాటుతనం అని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

ఆ దిగుదల వెనక ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టులు ఉన్నాయి. సెయింట్ పాల్ రైతుబజారులో కొత్తిమీర, వంకాయ, మిరప అమ్మే హ్మాంగ్ ఆడవాళ్లున్నారు. 2004లో పాత కలప డిపోలో మొదలైన హ్మాంగ్‌టౌన్ మార్కెట్ ఉంది. 2002లో ‘మీ మువా’ అనే హ్మాంగ్ మహిళ మిన్నెసోటా సెనేట్‌కు ఎన్నికయ్యారు. శిబిరం నుంచి వచ్చిన వాళ్ల ఇంటి అమ్మాయి, సెయింట్ పాల్‌కు చెందిన సునీసా లీ, టోక్యో ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ స్వర్ణం గెలిచింది.

ఇటీవలి అంకెలను పోల్చేటప్పుడూ జాగ్రత్త అవసరం. 2019లో ఫిలిపినో కుటుంబాల మధ్యగత ఆదాయం సుమారు 90 వేల డాలర్లు, హ్మాంగ్‌లది 70 వేలకు కాస్త తక్కువ. హ్మాంగ్ ఇంటి ఆదాయం దాదాపు సగటు అమెరికన్ ఇంటి ఆదాయంతో సమానం. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఆ డబ్బు ఎక్కువ మందికి పంచాలి. తలసరి లెక్కకు వస్తే ఇద్దరి మధ్య దూరం పెరుగుతుంది. ఫిలిపినోల వైపు కూడా మరో కోణం ఉంది. వాళ్ల కుటుంబ ఆదాయం ఎక్కువగా కనిపించడానికి ఒక కారణం ఇంట్లో సంపాదించే చేతులు ఎక్కువ ఉండటం. కాలిఫోర్నియా, హవాయి లాంటి ఖరీదైన చోట్ల అద్దె కట్టాలి. ఆపైన ఊరికి డబ్బు, సామాన్లు నింపిన బాలిక్‌బయాన్ పెట్టెలు పంపాలి. అవేవీ ఆదాయపు పట్టికలో కనపడవు. ప్రాణమూ కనపడదు. అమెరికా నర్సుల్లో ఫిలిపినోలు 4 శాతమే. కోవిడ్ మొదటి నెలల్లో చనిపోయిన నర్సుల్లో మాత్రం దాదాపు మూడో వంతు వాళ్లేనని 2020 సెప్టెంబరులో నర్సుల సంఘం లెక్క తేల్చింది.

ఆసియన్ అనే ఒక్క గడిని విడగొట్టి లెక్కలు చూపాలని అడిగినవాళ్లలో ఆగ్నేయాసియా శరణార్థి సమాజాలు ముందున్నాయి. కాలిఫోర్నియా 2016లో ఆరోగ్య లెక్కల వరకు హ్మాంగ్‌లతో సహా ఒక్కో జాతిని విడిగా చూపేలా చట్టం చేసింది. మొత్తం సగటు మెరిసిపోతుంటే, స్కాలర్‌షిప్ కోసమో ట్యూషన్ సాయం కోసమో వెళ్లిన హ్మాంగ్ పిల్లాడికి “మీ ఆసియా వాళ్లు బాగానే ఉన్నారుగా” అనే జవాబు వస్తుంది. ఆ సగటును పైకి లాగేవాళ్లలో మనమూ ఉన్నాం కాబట్టి ఈ విషయం మనకూ పట్టాలని నా అభిప్రాయం.

రెండు సమాజాలకూ అమెరికా బాకీ పడ్డ సంగతి ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా జెండా కింద రెండున్నర లక్షలకు పైగా ఫిలిపినోలు పోరాడారు. 1946లో ఒక చట్టం చేసి వాళ్లలో చాలామందికి రావలసిన సైనిక ప్రయోజనాలు కొట్టేశారు. 2009లో, బతికి ఉన్నవాళ్లకు ఒక్కసారి చెల్లింపుగా, పౌరులైతే 15,000 డాలర్లు, కాకపోతే 9,000 ఇచ్చారు. అప్పటికి వాళ్లు ఎనభైలు దాటినవాళ్లు. హ్మాంగ్ సైనికులకు 2000లో ఇంగ్లీషు పరీక్ష లేకుండా పౌరసత్వం తీసుకునే వీలు దొరికింది. అలా పౌరులైన ఆ సైనికులను అమెరికా జాతీయ సైనిక శ్మశానాల్లో పూడ్చిపెట్టుకోవచ్చని 2018 మార్చిలో చట్టం వచ్చింది. లాంగ్ తియెంగ్ పడిపోయి అప్పటికి 43 ఏళ్లు. వాళ్లకు సైనిక పింఛను ఈనాటికీ లేదు.