దెబ్బ తిన్నవాళ్ళే రుజువు చేయాలా? వాకపల్లి తీర్పు వెనక 170 ఏళ్ళ కథ

2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టు వాకపల్లి కేసులో, అంటే పోలీసులు తమ మీద సామూహిక అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు చెప్పిన కేసులో, తీర్పు చెప్పింది. విచారణ ఎదుర్కొన్న 13 మంది పోలీసుల మీద నేరం రుజువు కాలేదంటూ వదిలేసింది. అదే తీర్పులో, దర్యాప్తు సవ్యంగా జరగలేదు కాబట్టి ఆ ఆదివాసీ మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా నష్టపరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. దర్యాప్తు అధికారుల్లో ఒకరి పనితీరును, దర్యాప్తు లోపాలకి బాధ్యులెవరో చూసే అపెక్స్ కమిటీ ముందు పెట్టమంది. తమ మీద దారుణం జరిగిందని ఆ మహిళలు చెప్పిన రోజుకీ ఈ తీర్పుకీ మధ్య గడిచినవి 15 ఏళ్ళ ఏడున్నర నెలలు.

నేరం రుజువు కాకపోతే పరిహారం దేనికి? పరిహారం ఇవ్వాల్సినంత తప్పు జరిగితే, ఆ తప్పు చేసినవాళ్ళెవరు? వార్త చదివిన ఎవరికైనా వచ్చే సందేహమే ఇది. ప్రభుత్వం చేతుల్లో దెబ్బ తిన్న మనిషి ఆ దెబ్బని తానే రుజువు చేసుకోవాల్సి రావడం, రుజువులన్నీ మాత్రం ప్రభుత్వం బీరువాలోనే ఉండటం, ఇదీ ఈ సమస్య మూలం. అది ఎక్కడ మొదలైందో తెలియాలంటే ఈస్టిండియా కంపెనీ రోజుల దాకా వెళ్ళాలి.

1854 జులైలో లండన్‌లో, పార్లమెంటు దిగువసభలో మద్రాసు ప్రెసిడెన్సీ భూమిశిస్తు మీద చర్చ జరిగింది. శిస్తు కట్టలేని రైతుల్ని చిత్రహింసలు పెట్టి వసూలు చేస్తున్నారన్న ఆరోపణ అక్కడ గట్టిగా వినిపించింది. దాంతో మద్రాసులో ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో కమిషన్ వేశారు. మన విశాఖ జిల్లా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే. 1855లో నివేదిక వచ్చే నాటికి కమిషన్‌కి అందిన ఫిర్యాదులు 1,959. అందులో 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకున్నారు, 1,440 మంది ఉత్తరాలు రాశారు. రైళ్ళు లేని రోజుల్లో అంతమంది మద్రాసు దాకా వెళ్ళారంటే వాళ్ళు ఎంత పడి ఉండాలి!

వాళ్ళు చెప్పిన పద్ధతులు చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఒక చివర కట్టిన రెండు కర్రల మధ్య చేతివేళ్ళు పెట్టి నొక్కేవారు. దీన్ని కిట్టి అనేవారు. మనిషిని వంచి, కట్టుకున్న బట్టతోనే మెడనీ కాళ్ళనీ కలిపి కట్టి గంటల తరబడి ఉంచేవారు. వీపు మీద బండ పెట్టి ఎండలో నిలబెట్టేవారు. శిస్తు రాబట్టడానికీ ఇవే, దొంగతనం ఒప్పించడానికీ ఇవే. ఎందుకంటే శిస్తు వసూలు చేసే తాసీల్దారే పోలీసు అధికారి కూడా.

హింస ఉందని తేలడం కంటే తమను ఎక్కువ బాధపెట్టిన విషయం మరొకటి ఉందని కమిషన్ సభ్యులు రాశారు. హింస పడినవాళ్ళకి న్యాయం దొరికే దారి లేకపోవడం. దూరాభారం, ఖర్చు, పైవాళ్ళకి అర్జీ పెట్టుకుంటే అది తిరిగి ఏ తాసీల్దారు మీద ఫిర్యాదు చేశారో ఆ తాసీల్దారు దగ్గరికే రావడం. ఈ ఒక్క ముక్క కోసమైనా ఆ నివేదికని గుర్తుపెట్టుకోవాలి. ఇవాళ కూడా ఎస్.ఐ. మీద ఎస్పీకి ఇచ్చిన అర్జీ విచారణ కోసం అదే సర్కిల్‌కి దిగి వస్తుంది.

ఆ నివేదికలో పెద్ద లోపం కూడా ఉంది. తప్పంతా కింది స్థాయి దేశీ ఉద్యోగుల మీద పెట్టి, పైనున్న తెల్ల దొరల ప్రోత్సాహం ఏమీ లేదని తేల్చేసింది. అంత శిస్తు వేసిందెవరు? వసూలు కాకపోతే ఊరుకోనిదెవరు? ఆ ప్రశ్నల జోలికి పోలేదు. కింద కొట్టిన చెయ్యి దొరికినా, పైన చెప్పిన నోరు దొరక్కపోవడం అక్కడి నుంచే ఉంది.

అయినా కొంత మేలు జరిగింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి పోలీసునీ శిస్తు వసూలునీ విడదీశారు. పోలీసు ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదన్న నియమం 1861లో వచ్చింది, 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్‌గా కుదురుకుంది. మన తాతల కాలం నుంచీ ఉన్న ఈ రక్షణ వెనక, వేళ్ళు నలిగిన ఆ రైతుల గోడు ఉంది. కానీ పక్కనే 27వ సెక్షన్ పెట్టారు. నిందితుడు చెప్పిన దాన్నిబట్టి ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకు అతని మాట చెల్లుతుంది. స్టేషన్లలో ‘రికవరీ’ అనే మాటకి అంత బరువు ఉన్నది అందుకే. వస్తువు కక్కించడానికి ఏం చేశారన్నది పంచనామాలో ఉండదు.

మన్యంలో కథ ఇంకో రకం. 1924 మే 7న మంప దగ్గర పట్టుబడిన అల్లూరి సీతారామరాజుని కొయ్యూరులో కాల్చి చంపారు. పారిపోబోతుంటే కాల్చామన్నది ప్రభుత్వం మాట. చెట్టుకి కట్టేసి కాల్చారన్నది మన్యం జనం మాట. విచారణ లేదు, కోర్టు లేదు. ‘పారిపోబోతుంటే’ అన్న ఆ మాట తెల్లవాళ్ళతో పోలేదు. 1950లో విశాఖ జిల్లా నుంచి విడిపోయిన శ్రీకాకుళంలో, గిరిజన పోరాటాన్ని అణచివేసిన రోజుల్లో ‘ఎదురుకాల్పులు’ అనే కొత్త పేరుతో మళ్ళీ వినిపించింది.

ఎమర్జెన్సీ ఎత్తేశాక, 1977లో జస్టిస్ తార్కుండే అధ్యక్షతన ఒక పౌర కమిటీ ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌కౌంటర్ల మీద నిజనిర్ధారణ చేసింది. పట్టుకున్నాక చంపి ఎదురుకాల్పులని చెప్పారని కొన్ని కేసుల్లో సాక్ష్యాలతో సహా చూపించింది. ఒత్తిడి పెరిగి రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేసింది. కమిటీ తరఫున కె.జి. కన్నబిరాన్ వాదించారు. సాక్షులు నోరు విప్పి, విషయాలు పేపర్లలో రావడం మొదలయ్యాక, విచారణ బహిరంగంగా వద్దని ప్రభుత్వం పట్టుబట్టింది. తలుపులు మూసి జరిపే విచారణలో మేముండమని కమిటీ బయటికి వచ్చేసింది. నిజం బయటపడుతుందన్న ఆశ అక్కడితో ఆగిపోయింది.

మరుసటి ఏడాదే హైదరాబాద్ నల్లకుంట స్టేషన్ ఘటన రాష్ట్రాన్ని కుదిపేసింది. స్టేషన్లో ఒక మహిళ మీద అత్యాచారం, అడ్డం వెళ్ళిన ఆమె భర్తని, రిక్షా తొక్కుకునే మనిషిని, కొట్టి చంపడం. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని చెప్పింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకి మారింది, 1981లో అక్కడి కోర్టు నిందితుల్ని వదిలేసింది. కమిషన్ తప్పంటే కోర్టు రుజువు లేదనడం మనకి కొత్త కాదని చెప్పడానికే ఈ పాత కేసు గుర్తుచేస్తున్నాను.

1985లో సుప్రీంకోర్టు ముందుకి ఉత్తరప్రదేశ్ రైతు కేసు ఒకటి వచ్చింది. వంద రూపాయల లంచం అడిగారని పోలీసు మీద ఫిర్యాదు చేసిన పాపానికి అతన్ని స్టేషన్లో కొట్టి చంపారు. ఆ తీర్పు రాస్తూ కోర్టు ఒక మాట అంది. లాకప్‌లో ఏం జరిగిందో పోలీసులకి తప్ప ఎవరికీ తెలియదు, సాటి పోలీసు సాక్ష్యం చెప్పడు, కాబట్టి రుజువు భారం గురించి చట్టం మార్చడం ఆలోచించండి అని. అదే ఏడాది లా కమిషన్ తన 113వ నివేదికలో సాక్ష్య చట్టానికి 114బి అనే కొత్త సెక్షన్ రాసి ఇచ్చింది. కస్టడీలో ఉన్న మనిషి ఒంటి మీద గాయం ఉంటే, ఆ గాయం ఆ సమయంలో అతన్ని అదుపులో ఉంచుకున్న పోలీసు అధికారి చేసిందేనని కోర్టు భావించవచ్చు. కాదని చూపించాల్సిన పని ఆ అధికారిది. చూడ్డానికి ఇది చిన్న వాక్యమే, కానీ 1855 నాటి చిక్కుముడిని సరిగ్గా అది ఉన్నచోటే విప్పుతుంది.

ఆ వాక్యం చట్టం కాలేదు. కోర్టులే తమకి చేతనైంది చేశాయి. ఒడిశాలో కొడుకు శవాన్ని రైలు పట్టాల మీద చూసుకున్న నీలబతి బెహరా అనే తల్లి ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని, 1993లో సుప్రీంకోర్టు లక్షా యాభై వేల పరిహారం ఇప్పించింది. కస్టడీ మరణానికి ప్రభుత్వమే బాధ్యురాలు అన్నది ఆ తీర్పుతో గట్టిపడింది. 1996 డిసెంబరు 18న డి.కె. బసు కేసులో, అరెస్టులు ఎలా చేయాలో చెబుతూ సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అరెస్టు చేసేవాళ్ళు పేరు బ్యాడ్జి పెట్టుకోవాలి, అరెస్టు మెమో మీద సాక్షి సంతకం ఉండాలి, ఇంట్లోవాళ్ళకి చెప్పాలి, 48 గంటలకోసారి డాక్టరు చూడాలి.

ఇప్పుడు వాకపల్లికి వద్దాం.

జి.మాడుగుల మండలం నుర్మతి పంచాయతీలో వాకపల్లి కోందు ఆదివాసీల చిన్న గూడెం. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది, అప్పుడు విశాఖ జిల్లా. 2007 ఆగస్టు 20 ఉదయం 21 మంది పోలీసుల బృందం కూంబింగ్‌కని ఊళ్ళోకి వచ్చింది. మగవాళ్ళు పొలాలకి పోయి ఉన్నారు. తమ మీద సామూహిక అత్యాచారం జరిగిందని 11 మంది మహిళలు పాడేరు వచ్చి చెప్పారు. మావోయిస్టులు చెప్పించిన అబద్ధమని పోలీసు శాఖ అంది. దర్యాప్తు సీఐడీకి ఇచ్చారు. సీఐడీ అంటే కూడా పోలీసు శాఖే. ఫిర్యాదులో నిజం లేదని అది కేసు మూసేయబోయింది.

ఆ మహిళలు ఊరుకోలేదు. పాడేరు కోర్టుని ఆశ్రయించారు, కోర్టు కేసు తీసుకుంది. పోలీసులు హైకోర్టుకి వెళ్ళారు. 2012లో హైకోర్టు 21 మందిలో 13 మంది మీద విచారణ జరగాలంది. వాళ్ళు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఐదేళ్ళ తర్వాత, 2017 సెప్టెంబరులో, విచారణ జరపాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో విశాఖలో సాక్ష్యాలు మొదలయ్యాయి. అప్పటికి పదకొండేళ్ళు. కొండ మీంచి పాడేరు దిగి, అక్కడి నుంచి ఘాట్ రోడ్డులో వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి, నగరం కోర్టులో లాయర్ల మధ్య నిలబడి, ఆనాటి సంగతి మళ్ళీ మొదటి నుంచీ చెప్పాలి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రతి మాటా విరిచి అడుగుతారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా వాళ్ళు వచ్చి చెప్పారు. ఆ ధైర్యం గురించి తీర్పు వార్తల్లో ఎవరూ పెద్దగా రాయలేదు, నాకు అది కష్టంగా అనిపించింది.

కేసు ఎక్కడ పోయిందో చూడండి. ఊళ్ళోకి వచ్చిన పోలీసుల్ని ఆ మహిళలు అంతకుముందు ఎరగరు. పేర్లు తెలియవు. ఫలానా మనిషి అని చూపించాలంటే వెంటనే ఐడెంటిఫికేషన్ పరేడ్, అంటే అనుమానితుల్ని వరసగా నిలబెట్టి బాధితులతో గుర్తుపట్టించడం, పెట్టాలి. అది పెట్టలేదు. ఆ రోజు ఏ బృందం ఏ ఊరికి వెళ్ళిందో, అందులో ఎవరున్నారో రాసి ఉండే రికార్డులు పోలీసు శాఖ దగ్గరే ఉంటాయి. వైద్య పరీక్ష, బట్టలు, నమూనాలు భద్రం చేయడం, అన్నీ దర్యాప్తు అధికారి చేతిలోనే. మొదటి కొన్ని రోజుల్లో చేయని పనిని పదిహేనేళ్ళ తర్వాత ఏ జడ్జీ చేయలేరు. లాకప్ గాయాల కోసం రాసిన 114బి ఉన్నా ఈ కేసుకి నేరుగా వర్తించేది కాదు, నిజమే. కానీ లోపం ఒకటే: ఎవరి మీద ఆరోపణో వాళ్ళ శాఖే ఆధారాలు పోగుచేయడం. అర్జీ తిరిగి తాసీల్దారు దగ్గరికే రావడం.

నగరంలో, అందరి కళ్ళ ముందు జరిగినా ఇంతేనా? 2020 మే 16న విశాఖ హైవే మీద ఆపరేషన్లకి మత్తుమందు ఇచ్చే ఒక ప్రభుత్వ డాక్టరుని చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టి పోలీసులు లాగేసిన వీడియో దేశమంతా చూసింది. అంతకుముందు నెలే ఆయన మాస్కులు, పీపీఈ కిట్లు లేవని బహిరంగంగా మాట్లాడి సస్పెండ్ అయ్యారు. ఆయన్ని తీసుకెళ్ళి మానసిక ఆసుపత్రిలో చేర్చారు. హైకోర్టు కల్పించుకుని, న్యాయాధికారిని పంపి వాంగ్మూలం తీయించింది. న్యాయాధికారి నివేదికలో ఆరు గాయాలున్నాయి. ప్రభుత్వం ఇచ్చిన వైద్య నివేదికలో ఒకటే ఉంది. మే 22న హైకోర్టు దర్యాప్తుని సీబీఐకి ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి, 2021 మేలో, ఆ డాక్టరు గుండెపోటుతో చనిపోయారు.

ఒకే ఒంటి మీద ఒకరు ఆరు లెక్కపెడితే ఇంకొకరు ఒకటి లెక్కపెట్టారు. వీడియో ఉండి, హైకోర్టు చూస్తుండగా, చదువుకున్న డాక్టరు విషయంలోనే ఇలా ఉంటే, రాత్రిపూట స్టేషన్‌కి రమ్మంటే వెళ్ళిన కూలీకి గాయం సర్టిఫికెట్‌లో ఏం రాస్తారు? విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో ఏరియా ఆసుపత్రికో ‘మెడికల్’ చేయించడానికి తీసుకొచ్చినప్పుడు, కొట్టిన పోలీసు పక్కనే నిలబడి ఉంటే డాక్టరు అడిగినా ఆ మనిషి ఏం చెబుతాడు?

బయటికి వచ్చాక కూడా చాలామంది నోరు విప్పరు. భయం ఒకటి, సిగ్గు ఒకటి, మళ్ళీ ఎత్తుకెళ్తారేమోనన్న టెన్షన్ ఒకటి. నిద్ర పట్టకపోవడం, బూట్ల చప్పుడుకి ఉలిక్కిపడటం ఏళ్ళ తరబడి ఉంటాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ మాత్రం ఘటన జరిగిన ఏడాది లోపు వస్తేనే తీసుకుంటుంది, 1993 చట్టం అలా ఉంది.

చిత్రహింసల వ్యతిరేక అంతర్జాతీయ ఒడంబడిక మీద భారత్ 1997 అక్టోబరు 14న సంతకం పెట్టింది. దాన్ని ఆమోదించి అమల్లోకి తేవడం ఇప్పటికీ జరగలేదు. 2010 మే 6న లోక్‌సభ ఒక బిల్లు పాస్ చేసింది. అందులో ఆరు నెలల లోపే ఫిర్యాదు చేయాలి, పైగా ప్రభుత్వ అనుమతి కావాలి. రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపింది, 2014లో లోక్‌సభతో పాటే అది మురిగిపోయింది. 2017లో లా కమిషన్ 273వ నివేదికతో మరో ముసాయిదా ఇచ్చింది, అదీ చట్టం కాలేదు. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో సీసీ కెమెరాలుండాలంది, 18 నెలల రికార్డింగ్ ఉంచాలంది. 2025 జులైలో జమ్మూ కశ్మీర్‌లో సాటి పోలీసుల చేతిలోనే ఘోరంగా హింసపడిన ఒక కానిస్టేబుల్‌కి 50 లక్షల పరిహారం ఇవ్వమని, సీబీఐ దర్యాప్తు చేయమని ఆదేశించింది. ఆ మనిషి బతికి, పట్టు వదలకుండా పోరాడబట్టి అక్కడిదాకా వచ్చింది.

2024 జులై 1న పాత చట్టాలు పోయి కొత్తవి వచ్చాయి. నేరం ఒప్పించడానికి హింసపెడితే శిక్షించే పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 330, 331 సెక్షన్లు భారతీయ న్యాయ సంహితలో 120గా చేరాయి. 1872 నాటి 25, 26, 27 సెక్షన్లు కలిసి భారతీయ సాక్ష్య అధినియమంలో 23 అయ్యాయి, రికవరీ తలుపుతో సహా. కస్టడీలో అయిన గాయానికి పోలీసే జవాబు చెప్పాలని 1985లో రాసిచ్చిన ఆ ఒక్క సెక్షన్ మాత్రం కొత్త పుస్తకంలో కూడా లేదు.