పెంటపోగుకి ఎవరు నిప్పెట్టారు?

నానీ, చిన్నీ,

మీరు హైదరాబాద్ బస్సెక్కాక ఇల్లు బోసిపోయింది, అమ్మమ్మ డబ్బాలో మిగిలిన అరిసెలు చూసినప్పుడల్లా మీ పేర్లే తల్చుకుంటోంది. సరే, భోగి నాడు నాని అడిగినదానికి పండగ హడావుడిలో పడి నేను జవాబు చెప్పలేదు కదా, ఇప్పుడు రాస్తున్నా.

ఆ తెల్లారగట్ల మంట దగ్గర చలి కాచుకుని దొడ్లోకొచ్చేసరికి పెంటపోగు మీంచి పొగ లేస్తోంది, భోగిమంట రవ్వ పడి అంటుకుందనుకుని నాని గాడు పరిగెత్తుకెళ్ళి రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకుండా ఉండాల్సింది. నిప్పు లేకుండా వేడెక్కణ్ణుంచి వచ్చింది తాతయ్యా అన్నాడు వాడు, ఇన్నేళ్ళుగా ఆ పోగు పక్కనించి నడుస్తున్న మాలో ఒక్కరం అడగలేదు ఆ మాట.

అది పొగ కాదురా, ఆవిరి. లోపల 60 డిగ్రీల దాకా వేడుంటుంది, బయట మంచు, అందుకని కనపడుతుంది. లోపల కంటికి ఆనని జీవులు కోట్లకి కోట్లు కూర్చుని తింటున్నాయి. వాటిని మనింటికి పండక్కొచ్చిన అల్లుళ్ళనుకోండి. (మీ నాన్నగారు ఇది చదివితే ఏమనుకోవద్దని చెప్పండి.) అల్లుడికి విస్తరెలా వడ్డిస్తాం? అన్నం ఎక్కువ, కూర తక్కువ. వట్టి కూరే పెడితే తినలేడు, వట్టి అన్నం గొంతు దిగదు. ఎండుటాకులు, గడ్డి, కొబ్బరాకు ముక్కలు అన్నం అన్నమాట, కూరగాయ తొక్కలు, పేడ కూర. ఎండాకుల్లో కార్బన్ ఎక్కువ, తొక్కల్లో పేడలో నత్రజని ఎక్కువ. సైన్సు వాళ్ళు కార్బన్ 30 పాళ్ళకి నత్రజని 1 పాలు ఉండాలంటారు, అమ్మమ్మేమో బుట్టెడు తొక్కలకి రెండు బుట్టల ఎండాకులు అంటుంది, ఇద్దరి లెక్కా ఇంచుమించు ఒకటే. తర్వాత మంచినీళ్ళు, మరీ ఎక్కువ కాదు, గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత. తర్వాత గాలి. అల్లుడు భోంచేస్తుంటే అమ్మమ్మ విసనకర్ర విసిరేదే, అలా పదిరోజులకోసారి పారతో తిరగెయ్యాలి. కడుపు నిండా తిన్నాక ఒళ్ళు వెచ్చబడుతుంది కదా, కోట్ల మందికి ఒకేసారి వెచ్చబడితే ఎలా ఉంటుందో అదే మీరు చూసిన ఆవిరి. మామూలు అల్లుడు మూడ్రోజులుండి వెళ్తాడు, వీళ్ళు మూడు నెలలు కదలరు, లేచేసరికి పోగు సగానికి దిగిపోయి నల్లగా, వాన పడ్డ మట్టి వాసనొస్తుంది.

మరి గాలి ఆడకపోతే? అల్లుడు అలుగుతాడు. ఆయన లేచిపోయిన పీటల మీద గాలి అక్కర్లేని ఇంకో రకం చుట్టాలు వచ్చి కూర్చుంటారు, కుళ్ళిన గుడ్ల వాసన వాళ్ళదే. మీథేన్ అని ఓ గ్యాసు వదుల్తారు, అది మండే గ్యాసు, పైగా నూరేళ్ళ లెక్క చూస్తే భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకి పాతిక రెట్ల పైమాటే. వచ్చేటప్పుడు బస్సులో ముక్కులు మూసుకున్నారు గుర్తుందా, రోడ్డు పక్కన కొండంత చెత్త, మీదనించి పొగ? ఆ ఊరి పేరెందుకులెండి. అక్కడ అన్నం, కూర, డైపర్లు, బ్యాటరీలు, గాజుపెంకులు అన్నీ కవర్లో వేసి ముడేసి పారేస్తారు. ముడేసిన కవర్లో గాలెక్కడిది? ఎక్కడో అంటుకుంటే నెలల తరబడి లోలోపల రగులుతూనే ఉంటుంది. ఆ పొగ వేరు, మన దొడ్లో ఆవిరి వేరు. నానీ, బకెట్టు పట్టుకెళ్ళాల్సింది అక్కడికి.

గొయ్యి తీసి పూడ్చేస్తే పోలా అంది చిన్ని. మనది గోదారి మేట వేసిన నేలమ్మా, చాలాచోట్ల పునాదికి తవ్వితేనే నీళ్ళు ఊరతాయి. పాతిపెట్టిన చెత్తలోంచి కారే నల్లరసం తిన్నగా ఆ నీళ్ళలోకే. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, అప్పట్నించి కాలవల్లో పారే ఆ నీళ్ళే మన చేలకీ మంచినీళ్ళ చెరువుకీ. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు రండి చూపిస్తాను, అడుగున సీసాలు, కవర్లు, థర్మాకోల్ పళ్ళేలు, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంటుంది.

మా చిన్నప్పుడు చెత్తబండి లేదు, బండికెత్తేంత చెత్తా లేదు. పాత ఇనప ముక్కలిస్తే జీళ్ళు ఇచ్చేవాడొకడు వీధిలోకి వచ్చేవాడు, నేను మా నాన్న కొత్త మడత బందులు రెండు పట్టుకెళ్ళి ఇచ్చేశాను, జీళ్ళూ దక్కాయి దెబ్బలూ దక్కాయి. మిగిలినదంతా పెంటపోగులోకే, ఎండాకాలం అది చేలోకి తోలేవాళ్ళు. ఓసారి నేనూ మా చిన్నాన్న కొడుకూ పోగులో మోచెయ్యి లోతున కోడిగుడ్డు దాచాం, ఉడుకుతుందని. పొద్దున తీస్తే తెల్లసొన పాలవిరుగుడులా జారుగా ఉంది, ఉడికిందో లేదో తేలకుండానే మా నాయనమ్మ చూసేసింది. మీరు చెయ్యకండి.

మన దొడ్లో మగ్గేది ఊళ్ళో ఎందుకు మగ్గదు అంటే మగ్గుతుంది. ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు వ్యవసాయ శాస్త్రవేత్త 1920ల్లో ఇండోర్లో కూర్చుని మనలాంటి రైతుల ఎరువు దిబ్బలకే కొలతలు కట్టాడు, ఆ ఇండోరే 2017 నించి వరసగా ఏడుసార్లు దేశంలో శుభ్రమైన నగరంగా మొదటొచ్చింది. వాళ్ళ కిటుకల్లా ఇంటి దగ్గరే వేరు చెయ్యడం. 2016లో వచ్చిన చెత్త రూల్సులో పట్టణాల్లో అదే చెయ్యమన్నారు, తడి వేరు, పొడి వేరు, బ్యాటరీలూ మందులూ వేరు. మేం వేరు చేసిస్తే బండిలో కలిపేస్తున్నారు అంటారు కొందరు, నిజమే, నేనూ చూశాను, చూసి అడిగాను కూడా, మర్నాటి నించి వేరే గోనెసంచి కట్టుకొచ్చాడు ఆ చెత్తబండి అబ్బాయి. అడగడానికి బద్ధకం మనకి.

ఒక్కటి మాత్రం నాకూ అంతు చిక్కదు. ఆ కోట్ల మందినీ ఎవరు పిలిచారు? నేను పిలవలేదు, ఏ కొట్లోనూ కొనలేదు, ఆకు మీదా మట్టిలోనూ పేడలోనూ ముందే ఉండి వడ్డన కోసం కనిపెట్టుకుని ఉన్నారట. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మీ అమ్మ సంచీలో మన పోగులోంచి గుప్పెడు కట్టి పెట్టాను. అడుగున చిల్లులున్న కుండీలో వేసి మీ అపార్ట్‌మెంటు కింద రాలిన ఆకులు, వంటింటి తొక్కలు వెయ్యండి, ఓ మూల చిప్స్ ప్యాకెట్ కూడా పాతి గుర్తుగా పుల్ల గుచ్చండి. కుండీ చిన్నది కాబట్టి ఆవిరి రాదు, అలగొద్దు. వాసనొస్తే అన్నం తక్కువైందని, ఎండాకులు వేసి కలపండి. ఉగాదికి పుల్ల దగ్గర తవ్వి ఏముందో నాకు ఫోన్లో చెప్పాలి.

అన్నట్టు నానీ, పోగు ఓ పక్క బాగా ఎండిపోయిందట, నేనే చూసుకోలేదు. నిన్న తెల్లారి వెళ్తే నువ్వు నీళ్ళు పోసిన వైపే ఆవిరి ఎక్కువ లేస్తోంది. అమ్మమ్మని పిలిచి చూపించాను.

ఇట్లు
మీ తాతయ్య