ఫ్రీజర్‌లో ఐసు గట్టిగానే ఉంది, కింద పాలెందుకు విరుగుతున్నాయి?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

చదువుకోసమో ఉద్యోగంకోసమో ఊరు దాటి, గది తీసుకుని, సొంతంగా వండుకుంటున్న మీలో చాలామంది ఒకే మాట అడుగుతున్నారు. "పెదనాన్నా, ఫ్రీజర్‌లో ఐస్‌క్రీం గట్టిగానే ఉంది. కింద మాత్రం పాలు విరిగిపోతున్నాయి, దోసెల పిండి పులిసి పొంగుతోంది. మెకానిక్‌లేమో ఫ్రిజ్‌లో గ్యాస్ అయిపోయిందంటున్నారు, ఎక్కించమంటారా?" అని. ఫ్రిజ్‌లు బాగుచేసే పనిలోనే నా జీవితం గడిచింది. అందుకే డబ్బులు ఇచ్చేముందు కాస్త ఆగి ఇది చదవమంటున్నాను.

ఫ్రిజ్‌ను చల్లబరిచే గ్యాస్ ఖర్చయ్యేది కాదు. చాలా ఫ్రిజ్‌లలో వంద గ్రాములైనా ఉండని ఆ కాస్త గ్యాస్, మూసేసిన గొట్టాల్లో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడైనా లీకైతేనే తగ్గుతుంది. బాగా తగ్గితే ఫ్రీజర్ కూడా దెబ్బతింటుంది. మీ ఫ్రీజర్‌లో నీళ్లు మామూలుగా గడ్డకడుతున్నాయంటే చల్లదనం పుడుతోందన్నమాటే. ఎక్కువసార్లు అది కిందికి చేరకపోవడమే కారణం.

ఎలా చేరాలో చెబుతాను. ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్న డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ (మంచు తనే కరిగించుకునే) ఫ్రిజ్‌లలో చాలావాటికి చల్లబరిచే కాయిల్ ఒక్కటే. అది ఫ్రీజర్ వెనక గోడ లోపల ఉంటుంది. పక్కనే ఉన్న చిన్న ఫ్యాన్ ఆ చల్లగాలిని కొంత ఫ్రీజర్‌లోకి, కొంత ఒక దారిగుండా కింది అరల్లోకి తోస్తుంది. ఆ దారిలో డాంపర్ అనే చిన్న తలుపు ఉంటుంది. కింది అరలకు సొంతంగా చల్లబరుచుకునే ఏర్పాటేమీ లేదు. కాబట్టి గాలి ఎక్కడ ఆగిందో వెతకాలి.

ముందు విప్పకుండా చూడగలిగినవి చూడండి. కింది అర వెనక గోడలోనో పైభాగంలోనో గాలి వచ్చే సందులుంటాయి. వాటికి ఆనించి కూరగిన్నెలు, కొత్తిమీర కవర్లు కుక్కేస్తే గాలి రాదు. తర్వాత నాబ్‌లు. ఫ్రిజ్ చల్లబడటం లేదని చాలామంది ఫ్రీజర్‌లోని నాబ్‌ను చివరిదాకా తిప్పేస్తారు. పైన ఒకటి, కింద ఒకటి నాబ్ ఉన్న చాలా మోడళ్లలో పై నాబ్ గాలిని పంచేది మాత్రమే. దాన్ని పూర్తిగా తిప్పితే గాలంతా పైనే మిగిలి, కింద ఇంకా వేడెక్కుతుంది. దాన్ని మధ్యలో పెట్టి ఒక రోజు చూడండి. ఎంత చల్లగా ఉందో చేత్తో తాకి చెప్పలేం. ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి మధ్య అరలో రాత్రంతా ఉంచండి (జ్వరం చూసేది పనికిరాదు). పొద్దున్నకి 3 నుంచి 5 డిగ్రీల మధ్య చూపించాలి. ఫ్రీజర్‌కైతే మైనస్ 18 సరైన లెక్క.

ఇక ఫ్యాన్. తలుపు తీస్తే చాలా ఫ్రిజ్‌లలో ఫ్యాన్ ఆగిపోతుంది. కాబట్టి లైటు వెలిగించే డోర్ స్విచ్‌ను వేలితో నొక్కిపెట్టి, ఫ్రీజర్ దగ్గర చెవి పెట్టి వినండి. సన్నగా గాలి చప్పుడు రావాలి. కంప్రెసర్ (వెనక కింద గుర్రుమనే మోటారు) నడుస్తున్నా ఆ చప్పుడు లేకపోతే, ఫ్యాన్ మోటారు పోయుండాలి, లేదా రెక్కలకు మంచు అడ్డుపడి ఉండాలి. రెండూ నిశ్శబ్దంగా ఉంటే అది మంచు కరిగించుకునే సమయం కావచ్చు, ఒక గంట ఆగి మళ్లీ వినండి.

ఎక్కువసార్లు జరిగేది మాత్రం ఇంకొకటి, దాన్ని జాగ్రత్తగా చదవండి. తలుపు తీసినప్పుడల్లా బయటి తేమ లోపలికి పోయి కాయిల్ మీద మంచుగా పేరుకుంటుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో, వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. ఆ మంచును కరిగించడానికి కాయిల్ కింద ఒక హీటర్ ఉంటుంది. టైమరో, సర్క్యూట్ బోర్డో దాన్ని కొన్ని గంటలకొకసారి కాసేపు వెలిగిస్తుంది. కరిగిన నీళ్లు గొట్టంగుండా వెనకున్న ట్రేలోకి పోతాయి. హీటర్, టైమర్, బైమెటల్ (చలిని బట్టి హీటర్‌కు కరెంటు కలిపి, తెంచే చిన్న స్విచ్), సెన్సర్, వీటిలో ఏ ఒక్కటి చెడినా మంచు కరగదు. కాయిల్‌కు మంచు దుప్పటి కప్పినట్టయి, ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి దూరదు. కాయిల్‌కు దగ్గరగా ఉన్న ఫ్రీజర్ ఆ చలికి గడ్డకట్టే ఉంటుంది, దూరంగా ఉన్న కింది అరలు మాత్రం వేడెక్కుతాయి. ఫ్రీజర్ లోపలి వెనక గోడ మీద తెల్లగా మంచు పొర కనబడితే ఇదే అనుకోవచ్చు.

దీన్ని తేల్చుకునే పరీక్ష మీ చేతుల్లోనే ఉంది. సామానంతా తీసేయండి. ప్లగ్ పీకి, రెండు తలుపులూ తెరిచి, కింద పాత తువ్వాళ్లు పరిచి ఒక రోజంతా వదిలేయండి. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో మంచు గోకొద్దు. కాయిల్ పలుచటి అల్యూమినియం, చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్-600ఏ నిప్పంటుకునే గ్యాస్ కూడా. ఆరాక ప్లగ్ పెట్టండి. కొన్ని రోజులు చక్కగా చల్లబడి మళ్లీ మొదటికొస్తే మంచు కరిగించే భాగాల్లోనే లోపం. అసలు చల్లబడనే లేదంటే ఫ్యాన్, డాంపర్ చూడాలి. వెనక ప్యానెల్ మీరు విప్పొద్దు, అక్కడ 230 వోల్టుల వైర్లుంటాయి. పరీక్షలో ఏం జరిగిందో మెకానిక్‌కు చెప్పండి, అతని పని సగం తగ్గుతుంది.

తలుపు రబ్బరు కూడా చూడండి. ఒక కాగితం పెట్టి తలుపు వేసి లాగితే బిగువుగా రావాలి. జారి వచ్చేస్తే తేమ అక్కణ్ణుంచే దూరుతోంది.

సింగిల్ డోర్ పాత ఫ్రిజ్ ఉన్నవాళ్లకు ఈ ఫ్యాన్ గొడవ ఉండదు. ఫ్రీజర్ పెట్టె చుట్టూ మంచు పావు అంగుళం దాటితే నాబ్ మధ్యలోని బటన్ నొక్కి కరగనివ్వండి.

ఈలోగా తిండి సంగతి, నాకు అన్నిటికంటే బెంగ అదే. 5 డిగ్రీలు దాటితే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, వాసన బాగానే ఉన్నా కూర పాడైపోయి ఉండొచ్చు. వండిన చికెన్, చేపల పులుసు, అన్నం వేడిగా మారిన అరలో గంటల తరబడి ఉంటే పారేయండి. పారేయడానికి మనసొప్పదని తెలుసు, అయినా పారేయండి. అల్లం వెల్లుల్లి ముద్ద, ఇంకా చల్లగానే ఉన్న పచ్చి మాంసం ఫ్రీజర్‌లోకి మార్చండి. ఆవకాయకు నూనె, ఉప్పు ఉన్నాయి, దానికి టెన్షన్ అక్కర్లేదు.

మెకానిక్ "గ్యాస్" అంటే, ముందు ప్యానెల్ విప్పి కాయిల్ చూపించమనండి. కాయిల్ మొత్తం మంచుతో నిండిపోయి ఉంటే అనుమానించాల్సింది హీటర్, టైమర్ లాంటి మంచు కరిగించే భాగాలనే. ఒక మూల మాత్రమే మంచు పట్టి మిగతాదంతా పొడిగా ఉంటే అతని మాట వినండి. అప్పుడు కూడా లీకు ఎక్కడుందో వెతికి మూసి, ఆ తర్వాతే గ్యాస్ నింపమనండి. మార్చిన పార్టు పేరు బిల్లులో రాయించుకోండి.

ఇట్లు,
మీ పెదనాన్న