టామ్ సాయర్ బేస్ ట్రాక్: ఒకే పేరుతో తిరుగుతున్న మూడు ఫైళ్ళు

కెనడా రాక్ బ్యాండ్ రష్ 2026లో మళ్ళీ వేదిక ఎక్కుతుందని 2025 అక్టోబరులో ప్రకటన వచ్చినప్పటి నుంచి ఆ బ్యాండ్ పాత రికార్డింగులన్నీ మళ్ళీ బయటికొస్తున్నాయి. అనంతపురం, కర్నూలు, కడప బేస్ గిటారిస్టుల వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు చేతులు మారుతున్నది ఆ బ్యాండ్ 1981 నాటి ‘టామ్ సాయర్’ పాటలోంచి బేస్ గిటార్ శబ్దం ఒక్కటే విడదీసిన ట్రాక్. ఆ పాటలో బేస్ వాయించింది బ్యాండ్ గాయకుడు గెడ్డీ లీ. దాని కింద ‘ఒరిజినల్ స్టూడియో ట్రాక్, రికెన్‌బ్యాకర్ 4001’ అని రాసి ఉంది. అంటే రికెన్‌బ్యాకర్ కంపెనీ 4001 మోడల్ బేస్ గిటార్ మీద వాయించిందని. ఆ ఒక్క వరుసతో పాత గొడవ మళ్ళీ రాజుకుంది. ‘ఆ గరగర రికెన్‌బ్యాకర్‌కు తప్ప దేనికీ రాదన్నా’ అని ఒకరు, ‘అది ఫెండర్ కంపెనీ జాజ్ బేస్ గదప్పా, వాయించినాయనే చెప్పినాడు’ అని ఇంకొకరు, అసలు అది స్టూడియో ట్రాకే కాదని మూడో వర్గం.

ఇది ఊరికే కాలక్షేపం వాదన కాదు. మన జిల్లాల్లో బేస్ గిటార్ కనిపించేది ఎక్కువగా చర్చి బృందాల్లో, ఇంజినీరింగ్ కాలేజీ బ్యాండ్లలో. ఆర్కెస్ట్రాల్లో చాలాచోట్ల కీబోర్డు మీద ఎడమచేతితోనే బేస్ పని కానిచ్చేస్తారు. మంచి బేస్ చేతిలోకి తీసుకుని వాయించి చూడాలంటే అనంతపురం వాళ్ళు బెంగళూరుకు, కర్నూలు వాళ్ళు హైదరాబాదుకు పోవాలి. రెండూ 200 కిలోమీటర్ల పైమాటే. కాబట్టి ఏది కొనాలన్న నిర్ణయం సగం ఫోన్లో విన్న క్లిప్పుల మీదే జరిగిపోతుంది. రికెన్‌బ్యాకర్ దిగుమతి చేసుకుంటే ఖర్చు లక్షల్లో ఉంటుంది. క్లిప్పు కింద రాసిన పేరు తప్పయితే నష్టపోయేది కొనేవాడు.

రష్ గురించి, గెడ్డీ లీ గురించి ఈ గ్రూపుల్లో ఉన్నవారికి కొత్తగా చెప్పేదేమీ లేదు. సరాసరి 2007కి వెళ్దాం. ఈ తికమకంతా పుట్టింది అక్కడే.

ఆ ఏడాది నవంబరులో హార్మోనిక్స్ సంస్థ ‘రాక్ బ్యాండ్’ వీడియో గేమ్ విడుదల చేసింది. ఆడేవాడు ప్లాస్టిక్ గిటార్ మీద స్వరం తప్పితే ఆ వాద్యం ఒక్కటే ఆగిపోవాలి, మిగతా పాట నడుస్తూనే ఉండాలి. అందుకోసం డ్రమ్స్, బేస్, గిటార్, గొంతు అన్నీ వేర్వేరు చానళ్ళుగా ఒకే ఆగ్ (ఆడియో) ఫైల్లో పెట్టారు. ఆ ఫైళ్ళను విప్పడం కొందరికి తెలిసిపోయాక, అంతవరకు స్టూడియో బీరువాల్లో ఉన్న ట్రాకులు విడివిడిగా ఇంటర్నెట్‌లోకి వచ్చిపడ్డాయి. ఇవాళ మనం ‘ఐసోలేటెడ్ బేస్’ అని వింటున్న పాత పాటల్లో చాలా భాగం ఈ దారినే వచ్చినవి.

అయితే ఇలాంటి ఆటల్లోని పాటలన్నీ అసలు రికార్డింగులు కావు. ఒక పాటను వాడుకోవడానికి రెండు హక్కులు కావాలి: పాట రచన మీద ఒకటి, ఆ రికార్డింగ్ మీద ఇంకొకటి. రెండోది దొరకనప్పుడు, లేదా విడివిడి ట్రాకులు కంపెనీ ఇవ్వలేనప్పుడు, వేరే వాద్యకారులతో పాటను అచ్చం అలాగే మళ్ళీ వాయించి రికార్డు చేయించేవారు. 2005లో వచ్చిన మొదటి ‘గిటార్ హీరో’లో ప్రధాన పాటలు దాదాపు అన్నీ ఇలాంటి కవర్లే. టామ్ సాయర్ ఉన్న ఆల్బమ్‌లోదే ‘వైవైజెడ్’ కూడా 2006లో ‘గిటార్ హీరో 2’లోకి కవర్‌గానే వచ్చింది.

2007 నాటి ‘రాక్ బ్యాండ్’ డిస్కులో టామ్ సాయర్ ఉంది. అదీ కవరే. అందులో గెడ్డీ లీ వేళ్ళు లేవు. మరుసటి ఏడాది, 2008లో, ‘మూవింగ్ పిక్చర్స్’ ఆల్బమ్ మొత్తాన్ని అదే ఆటకు డౌన్‌లోడ్‌గా అమ్మినప్పుడు టామ్ సాయర్ అసలు రికార్డింగ్ వచ్చింది. రెండూ కలిసిపోకుండా దాని పేరు పక్కన ‘ఒరిజినల్ వెర్షన్’ అని చేర్చారు. అంటే ఒకే ఆటలో, ఒకే పాటకు, రెండు వేర్వేరు మనుషులు వాయించిన రెండు బేస్ ట్రాకులు. ఆటలో ఉన్నంతసేపు పక్కన ఆ మాట ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. ఫైలు విప్పి, బేస్ చానల్ ఒక్కటే తీసి, పేరు మార్చి ఎక్కించేసరికి ఆ రెండు మాటలు రాలిపోయాయి. ఆ తర్వాత ఎవరు ఏ ఫైలు విని ‘ఇది రికెన్‌బ్యాకర్’ అన్నారో, ఎవరు ఏది విని ‘కాదు’ అన్నారో పట్టుకోవడం కష్టమైంది. ఒకరు కవర్ విన్నారు, ఇంకొకరు అసలుది విన్నారు, ఇద్దరూ ఒకే పాట పేరు చెప్పి కొట్లాడుకున్నారు.

అసలు రికార్డింగ్‌లో వాడిన గిటార్ సంగతి నిజానికి తేలిన విషయమే. పాట రికార్డయింది 1980 చివరలో, కెనడాలోని క్యుబెక్‌లో మోరిన్ హైట్స్ దగ్గరున్న లె స్టూడియోలో. ఆల్బమ్ 1981 ఫిబ్రవరిలో వచ్చింది. అంతకు ముందు ఆల్బమ్‌లలో గెడ్డీ లీ ప్రధానంగా వాడింది నల్ల రికెన్‌బ్యాకర్ 4001. ఆ రోజుల కచేరీ ఫోటోల్లో కనిపించేదీ అదే. రికెన్‌బ్యాకర్ పక్షం వాదనకు మొదటి ఆధారం ఈ ఫోటోలు. వారి రెండో మాటకు సాంకేతికంగా బలముంది: పాత 4001లో బ్రిడ్జి (తీగలు కట్టే కింది కొన) వైపు పికప్‌కు (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) 0.0047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది, అది మంద్రాన్ని వడగట్టి పై అంచును ముందుకు తెస్తుంది, ఆ కరుకుదనం అందుకేనంటారు.

కానీ టామ్ సాయర్‌లో వాయించింది 1972 నాటి ఫెండర్ జాజ్ బేస్ అని, మిషిగన్‌లోని కలమజూలో తాకట్టు కొట్టులో 200 డాలర్లకు కొన్నానని గెడ్డీ లీ స్వయంగా పలుమార్లు చెప్పాడు. అందరూ దాన్ని రికెన్‌బ్యాకర్ అనుకుంటారనీ చెప్పాడు. 1998లో ఫెండర్ ఆయన పేరుతో తెచ్చిన జాజ్ బేస్‌కు నమూనా ఆ గిటారే. తొంభైల నుంచి దాన్నే ప్రధాన వాద్యం చేసుకున్నాడు. అప్పటి రికార్డింగుల్లోనూ అదే గరగర వినిపిస్తుంది. గిటార్ మారినా ధ్వని మారలేదంటే కారణం చేతిలో వెతకాలి. ఆయన పిక్ వాడడు. వేలితో, గోటితో తీగను గట్టిగా కొడతాడు. తీగ ఫ్రెట్లకు (మెడ మీది లోహపు కడ్డీలు) తగిలి లోహపు చప్పుడు చేస్తుంది. దానికి రోటోసౌండ్ కంపెనీ స్టీల్ రౌండ్‌వౌండ్ (గుండ్రని సన్నతీగ చుట్టిన) తీగలు తోడు. కెపాసిటర్ వాదన నిలబడాలంటే ముందు ఈ చప్పుడును లెక్కలోంచి తీసేయాలి. అది ఎవరూ చేసి చూపలేదు.

ఇంతవరకు ఉన్నవి రెండు ఫైళ్ళు. మూడోది 2019 నవంబరులో మొదలైంది. మ్యూజిక్ స్ట్రీమింగ్ సంస్థ డీజర్ ‘స్ప్లీటర్’ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా విడుదల చేసింది. ఫేస్‌బుక్ పరిశోధకుల ‘డెముక్స్’ కూడా ఆ కాలందే. పూర్తయిన పాటను ఇస్తే చాలు, గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి అని నాలుగు ముక్కలు చేసి ఇస్తాయి. స్ప్లీటర్ పనిచేసే తీరు ఇలా ఉంటుంది: పాటను కాలం, పౌనఃపున్యం గళ్ళుగా పరిచి, ఒక్కో గడిలోని శబ్దంలో బేస్ వాటా ఎంతో అంచనా వేసి ఆ మేరకు తీసిస్తుంది. అంటే చేతికొచ్చేది స్టూడియో టేపు కాదు, టేపులో ఏముండి ఉంటుందన్న అంచనా. ఆ తర్వాత స్టూడియోతో, ఆటతో సంబంధం లేని ఎవరైనా ఫోన్లోనే ‘ఐసోలేటెడ్ బేస్’ తయారుచేసుకునే రోజులొచ్చాయి. పాత పేర్లే కొత్త ఫైళ్ళకు అంటుకున్నాయి.

ఇప్పుడు గ్రూపుల్లో తిరుగుతున్న క్లిప్పు ఈ మూడింటిలో ఏది? చూడాల్సినవి ఇవీ.

ముందుగా ఫైలును వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా తెప్పించుకోవాలి. వాట్సాప్ వీడియోను కుదించేటప్పుడు పై పౌనఃపున్యాలు పోతాయి. ఆ దెబ్బను ఏఐ సాఫ్ట్‌వేర్ విడదీసిన గుర్తుగా పొరబడే ప్రమాదముంది. ఆడియో ఎడిటర్ ఆడాసిటీలో తెరిచి స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణంలో ఏ పౌనఃపున్యం ఎంతుందో చూపే బొమ్మ) చూపులోకి మార్చాలి. స్ప్లీటర్ మామూలు అమరికలో 11 కిలోహెర్ట్జ్ పైన ఏమీ మిగల్చదు, గీత గీసినట్టు నల్లగా ఉంటుంది. 16 దగ్గర కోత ఉంటే అది ఎంపీ3 కుదింపు వల్ల కూడా కావచ్చు. కోత లేనంత మాత్రాన అసలుదని కాదు, డెముక్స్ పైదాకా ఉంచుతుంది.

తర్వాత మొదటి క్షణాలు. పాట మొదలయ్యేది సింథసైజర్ గుర్రుతో, డ్రమ్స్‌తో. మల్టీట్రాక్‌లో (వాద్యాలు విడివిడిగా ఉన్న అసలు రికార్డింగ్) కీబోర్డుకు వేరే ట్రాక్ ఉంటుంది కాబట్టి బేస్ చానల్లో ఆ గుర్రు వినపడకూడదు. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం మంద్రంలో సాగే సింథ్‌కూ బేస్ గిటార్‌కూ తేడా సరిగా తెలియదు. శిక్షణలో సింథ్ బేస్ కూడా బేస్ కిందే లెక్క. అందుకే ఆ గుర్రు బేస్ ఫైల్లోకి కొంచెం వచ్చి, మధ్యలో మాయమై, మళ్ళీ తేలుతుంది. తిరుగుతున్న క్లిప్పులో సరిగ్గా ఇదే జరుగుతోంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఎవరికైనా వినపడుతుంది. కిక్ డ్రమ్, బేస్ ఒకేసారి పడే చోట్ల స్వరం మొదలు మెత్తబడి, నీళ్ళలోంచి వచ్చినట్టు ఉండడం ఇంకో గుర్తు.

ముగింపు కూడా చూడాలి. ఆల్బమ్‌లో ఈ పాట 4 నిమిషాల 33 సెకన్లు, క్రమంగా ధ్వని తగ్గుతూ ముగుస్తుంది. ఆ తగ్గింపు మిక్స్ చేసేటప్పుడు వేసేది, టేపు మీది విడి ట్రాకులో ఉండదు. క్లిప్పులోని బేస్ ఆల్బమ్ తగ్గే చోటే, అంతే వేగంతో తగ్గుతోంది.

చివరిది నల్ పరీక్ష, అంటే క్లిప్పును తలకిందులు చేసి పాటతో కలిపి ఏది కొట్టుకుపోతుందో చూడడం. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌లో ఆల్బమ్ పాటనూ క్లిప్పునూ ఒకే శాంపిల్ రేటుకు తెచ్చి, మొదటి బేస్ స్వరం దగ్గర పూర్తిగా జూమ్ చేసి వరుస కలిపి, క్లిప్పు పొలారిటీ తిప్పి, వాల్యూమ్ సరిచేయాలి. కవర్ అయితే మొదటి దెబ్బ కలిసినా కొద్ది బార్లకే పక్కకు జరిగిపోతుంది. అసలు మల్టీట్రాక్ అయితే బేస్ తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఎందుకంటే ఆల్బమ్‌లోని బేస్ మిక్స్‌లో ఈక్యూ (పౌనఃపున్యాల సర్దుబాటు), కంప్రెషన్ (హెచ్చుతగ్గుల అణచివేత) దాటి వచ్చింది, విడి ట్రాక్ దాటలేదు. బేస్ శుభ్రంగా తుడిచిపెట్టుకుపోతే దాన్నే అనుమానించాలి: ఆ ఫైలు ఆ మిక్స్‌లోంచే తీసింది కాబట్టే అంత బాగా కొట్టేసుకుంటోంది. రీమాస్టర్లు మారితే ఫలితం మారుతుంది కనుక రెండు మూడు విడుదలలతో చూడాలి. 2011 నాటి 5.1 సరౌండ్ (ఆరు చానళ్ళ) మిక్స్ లోంచి తీసిన ముక్కలూ ఉన్నాయి, వాటితో కలిపి గందరగోళపడకూడదు.

ఈ గుర్తులన్నీ మూడో రకం వైపే చూపిస్తున్నాయి. అలాంటి ఫైలు విని పికప్ ఏదో చెప్పడం ఎందుకు కుదరదో ఒక లెక్క చాలు. ఓపెన్ (ఫ్రెట్ నొక్కని) తీగను మీటినప్పుడు, బ్రిడ్జి నుంచి తీగ పొడవులో అయిదో వంతు దూరంలో పికప్ ఉంటే అయిదో హార్మోనిక్ (మూల స్వరానికి అయిదు రెట్ల పౌనఃపున్యం) దానికి దాదాపు వినపడదు. జాజ్ బేస్ తీగ 34 అంగుళాలు, అయిదో వంతు 6.8. రికెన్‌బ్యాకర్ 33¼, అయిదో వంతు 6.65. తేడా 0.15 అంగుళం. స్టూడియో ట్రాక్ ఉంటే, ఓపెన్ E (అన్నిటికన్నా మందమైన) తీగ మీద ఇలా హార్మోనిక్ తగ్గిన పల్లాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి పికప్ చోటు కొంత అంచనా కట్టవచ్చు. ఫ్రెట్ నొక్కిన స్వరాలు పనికిరావు, పొడవు మారుతుంది. రెండు పికప్‌లు కలిపితే పల్లాలు పూడిపోతాయి. ఇక ఓపెన్ E 41.2 హెర్ట్జ్, దాని అయిదో హార్మోనిక్ 206. గిటార్ మీద E మేజర్ కార్డ్ పట్టినప్పుడు మూడో తీగ మొదటి ఫ్రెట్ స్వరం దాదాపు 208. సాఫ్ట్‌వేర్ ఆ గడిలోని శబ్దాన్ని గిటార్ ఖాతాలో వేసేస్తే అక్కడ పల్లం కనిపిస్తుంది. అది పికప్ చేసిన పల్లమా, సాఫ్ట్‌వేర్ తవ్విన గుంతా అన్నది ఆ ఫైలు నుంచి ఎవరూ చెప్పలేరు.

ఈ ధ్వని కోసం గిటార్ కొనబోతున్నవారు ముందు చేతిలో ఉన్న బేస్‌కు 45 నుంచి 105 మందం స్టీల్ రౌండ్‌వౌండ్ తీగలు ఎక్కించి చూడాలి. 12వ ఫ్రెట్ దగ్గర E తీగ ఎత్తు 2 మిల్లీమీటర్ల దాకా దించాలి. ఇంకా దిగితే చప్పుడు ఫ్రెట్ ఫ్రెట్‌కూ వచ్చి స్వరం మధ్యలో చచ్చిపోతుంది. తీగలు మార్చాక మెడ వంపు మారుతుంది కాబట్టి ట్రస్ రాడ్ (మెడ లోపలి సర్దుబాటు కడ్డీ) పావు చుట్టు చొప్పున తిప్పి, ఒక రాత్రి ఆగి మళ్ళీ కొలవాలి. మన వేసవి చెమటకు స్టీల్ తీగల మెరుపు త్వరగా పోతుంది, వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవాలి. ఇంత చేసినా ఆ గరగర రాకపోతే అప్పుడు రెండు పికప్‌ల జాజ్ తరహా బేస్ వైపు చూడవచ్చు. గ్రూపుల్లో క్లిప్పును ముందుకు పంపేవారు దాని కిందున్న పేరు తీసేసి, ఫైలు ఎక్కడి నుంచి దిగిందో, ఏ సాఫ్ట్‌వేర్ వాడారో రాసి పంపాలి. మొదట ఎక్కించినవారిని ఆ రెండు ప్రశ్నలూ ఇప్పటికే అడిగారు. జవాబు ఇంకా రాలేదు.