సీరియల్‌లో వేసేవాళ్లకి సినిమా రాదా?

పిల్లలూ,

మొన్న ఫోన్లో అడిగారు కదా, టీవీ సీరియల్స్‌లో వేసేవాళ్లు అక్కడే ఉండిపోతారు, సినిమాలో మంచి వేషం రానే రాదు కదా పెదనాన్నా అని. వస్తుంది. కాకపోతే ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఇర్ఫాన్ ఖాన్ సంగతి చెప్తాను, ఆయన మీకు ‘జురాసిక్ వరల్డ్’లో పార్కు ఓనరుగానే తెలుసు.

1967లో పుట్టాడు, రాజస్థాన్‌లో టోంక్ వాళ్లది. కుర్రతనంలో క్రికెట్ పిచ్చి, సి.కె. నాయుడు ట్రోఫీకి సెలెక్ట్ కూడా అయ్యాడు గానీ వెళ్లడానికి డబ్బుల్లేక ఆగిపోయాడు. (ఆ నాయుడుగారు నాగపూర్‌లో పుట్టిన తెలుగాయన, ఆయన కథ ఇంకోసారి.) 1984లో ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చేరాడు. అక్కడుండగానే డైరెక్టర్ మీరా నాయర్ తన ‘సలాం బాంబే’ సినిమాకి పిలిచింది. తీరా చూస్తే వీధిపిల్లల మధ్య మరీ పొడుగ్గా కనబడుతున్నాడని అసలు వేషం పోయి, రోడ్డు పక్కన కూర్చుని జనానికి ఉత్తరాలు రాసిపెట్టే మనిషి వేషం మిగిలింది. కాసేపే కనిపిస్తాడు.

ఆ తర్వాత దాదాపు పుష్కరకాలం బతుకంతా టీవీయే. ‘చాణక్య’, ‘భారత్ ఏక్ ఖోజ్’, ‘చంద్రకాంత’, ‘బనేగీ అప్నీ బాత్’... మధ్యలో చిన్నాచితకా సినిమాలు ఉన్నాయనుకోండి, వాటివల్ల ఒరిగిందేమీ లేదు. సీరియల్ షూటింగ్ ఎలా ఉంటుందంటే, పొద్దున పేజీలు చేతికిస్తారు, సాయంత్రానికి ఎపిసోడ్‌కి సరిపడా తీసేయాలి, ఒకరు మాట అనగానే గదిలో ఉన్న అందరి మొహాలమీదికీ కెమెరా వెళ్తుంది, ప్రతి మొహమూ ఏదో ఒకటి చూపించి తీరాలి. ఆయనకి విసుగొచ్చేసి అసలు నటనే మానేద్దామా అన్నంతవరకూ వెళ్లాడు. అప్పుడొచ్చింది ‘ది వారియర్’, 2001లో. ఆసిఫ్ కపాడియా అని లండన్ కుర్రాడి మొదటి ఫీచర్ సినిమా. అందులో మాటలు చాలా తక్కువ.

ఆ టీవీ ఏళ్లన్నీ వృథా అంటారు చాలామంది, నాకలా అనిపించదు. ప్రతి డైలాగుకీ మొహం చిట్లించి చిట్లించి, ఎక్కడ ఏమీ చెయ్యకూడదో అక్కడే నేర్చుకున్నాడేమోనని నా అనుమానం. ‘లంచ్‌బాక్స్’ చూడండి, ఆఫీసులో ఒక్కడే కూర్చుని క్యారేజీ మూత తీసి వాసన చూస్తాడు, ఒక ముద్ద తింటాడు, అంతే. కూర బాగుందని మనకి తెలిసిపోతుంది. ఇంకొకళ్లయితే అక్కడ కళ్లు పెద్దవి చేసి తలూపేవారు.

2006లో మీరా నాయరే మళ్లీ పిలిచి ‘ది నేమ్‌సేక్’లో తండ్రి వేషం ఇచ్చింది. అంటే ఆ ఉత్తరాల మనిషి తర్వాత 18 ఏళ్లకి. అదే ఏడాది మన ‘సైనికుడు’లో మహేష్‌బాబుకి విలన్ కూడా ఆయనే! సినిమా సరిగ్గా ఆడలేదు గానీ, ఆయన్ని పెట్టుకుని అలా వాడుకోవడం నాకైతే నచ్చలేదు. ‘పాన్ సింగ్ తోమర్’ పూర్తయ్యాక కూడా చాలాకాలం డబ్బాల్లోనే ఉండి 2012లో బయటికొచ్చింది, దానికే జాతీయ ఉత్తమ నటుడి అవార్డు. 2020 ఏప్రిల్ 29న కేన్సర్‌తో పోయాడు, 53 ఏళ్లకే.

సెలవుల్లో ‘పాన్ సింగ్ తోమర్’ ముందు చూడండి, అందులో పరుగు ఉంది, మీకు బోరు కొట్టదు. ‘లంచ్‌బాక్స్’ మాత్రం అన్నం తినేసి కూర్చోండి.

మీ పెదనాన్న