గొర్రెకు నట్టల మందు పోస్తారు, మరి కుక్కకు?

పాలమూరు వైపు గొర్రెలకు నట్టల మందు, అంటే కడుపులో పురుగులు పోయే మందు, పోయడం నేను చాలాసార్లు చూశాను. కాపరి ఒక్కో గొర్రె మూతి ఎత్తి పట్టుకుంటాడు, పశువుల దవాఖాన నుంచి వచ్చినాయన మందు పోస్తాడు. మంద మొత్తం అయిపోయాక సామాను సర్దుకుని వెళ్లిపోతారు. పక్కనే నాలుక వేలాడేసి కూర్చున్న మంద కుక్క సంగతి ఎవరికీ గుర్తు రాదు.

కుక్క కడుపులోని ఏలికపాము పేరు టాక్సోకారా కానిస్. మనుషుల్లో దాని కథ కళ్ల దగ్గర మొదలైంది. 1950లో అమెరికాలో హెలెనార్ వైల్డర్ అనే ఆవిడ, పిల్లలకు ఆపరేషన్ చేసి తీసేసిన 46 కళ్లను మైక్రోస్కోపు కింద చూశారు. వాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ గడ్డ అనుకుని తీసేసినవే. 24 కళ్లలో పురుగు లార్వాలు (పిల్ల పురుగులు) గానీ, వాటి ఆనవాళ్లు గానీ దొరికాయి. ఆ తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరైనా చెప్పారో లేదో! 1952లో పాల్ బీవర్ బృందం జబ్బుపడిన పిల్లల కాలేయంలోనూ లార్వా ఉండొచ్చని చూపించింది. కళ్లలో దొరికినవాటిలో కొన్ని కుక్క ఏలికపామువేనని 1956లో తేలింది.

కుక్కను ముట్టుకున్నంత మాత్రాన అంటుకునేది కాదిది. మలంతో పడ్డ గుడ్లు మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు ముదరాలి. ఆ మట్టి చేతులతోనో, కడగని కూరగాయలతోనో నోట్లోకి పోతే లార్వా పేగు గోడ తొలుచుకుని కాలేయానికి, ఊపిరితిత్తులకు, ఒక్కోసారి కంటికి చేరుతుంది. మనిషిలో అది పెద్ద పురుగుగా ఎదగదు, గుడ్లు పెట్టదు. అందుకే మలం పరీక్షలో ఏమీ కనపడదు.

1970ల్లో రక్తపరీక్ష వచ్చాకే ఎంతమందికి సోకిందో లెక్కించడం వీలైంది. 2019లో ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, దాదాపు 19 శాతం మంది రక్తంలో దీని యాంటీబాడీలు ఉన్నట్టు తేలింది. అంటే వాళ్లంతా రోగులని కాదు, టెన్షన్ పడాల్సిన పని లేదు. ఎప్పుడో ఒకప్పుడు సోకిందని మాత్రమే అర్థం. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు.

2015 నుంచి బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. అది పేగుల్లోని నులిపురుగులకు ఒక్క డోసు. టాక్సోకారాకు అదే మందు సాధారణంగా రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు వాడతారు.

వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాతో పాటు నట్టల మందు కూడా ఇవ్వాలని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. మంద కుక్క అటు వీధికుక్కల లెక్కలోకీ రాదు, ఇటు గొర్రెల లెక్కలోకీ రాదు. అది ఈనితే, కూనలకు పురుగులు తల్లి కడుపులోనే అంటుకుంటాయి. రెండు వారాల వయసు నుంచే వాటికి మందు మొదలుపెట్టాలి. సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు వాటిని ఎత్తుకుని వాకిట్లో ఆడిస్తుంటారు.